విదేశాల నుంచి రావాల్సిన డబ్బు రాలేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

అమెరికా క్లయింటు "వైర్ చేసేశాం" అని మెయిల్ పెట్టి వారమవుతుంది. ఖాతాలో పైసా పడదు. అటు అడిగితే మా బ్యాంకు ఎప్పుడో పంపేసిందంటారు, ఇటు బ్రాంచిలో అడిగితే మాకేం రాలేదంటారు. ఫ్రీలాన్స్ పని చేసేవాళ్లకి, చిన్నాచితకా ఎగుమతులు చేసేవాళ్లకి, బంధువులకు చేబదులిచ్చి ఎదురుచూసేవాళ్లకి ఈ టెన్షన్ కొత్త కాదు. చాలాసార్లు అవతలివాళ్లు ఎగ్గొట్టి ఉండరు. డబ్బు దారిలో ఏదో ఒక కాగితం కోసం ఆగి ఉంటుంది. "పంపారా లేదా" అని పదేపదే అడగడం మానేసి, "ఇప్పుడు ఏ బ్యాంకు దగ్గరుంది" అన్నది తేల్చుకుంటే సగం పని అయినట్టే.

పంపేశామంటున్నారు, ఖాతాలో పడలేదు

విదేశీ వైర్, అంటే అక్కడి బ్యాంకు నుంచి ఇక్కడి బ్యాంకుకి పంపే డబ్బు, మన నెఫ్ట్ లాగా సూటిగా రాదు. పంపే బ్యాంకుకీ మన బ్యాంకుకీ నేరుగా లావాదేవీలు లేకపోతే మధ్యలో ఒకటో రెండో కరస్పాండెంట్ బ్యాంకులు ఉంటాయి. అందుకే రెండు మూడు పనిదినాలు పట్టడం మామూలే. అక్కడి సెలవులూ ఇక్కడి సెలవులూ రెండూ కలుస్తాయి. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు, మనకు ఆదివారం. గురువారం సాయంత్రం పంపింది సోమవారం దాకా కదలకపోతే కంగారు పడక్కర్లేదు.

వారం దాటితే మాత్రం పంపినవాళ్లని స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు మెసేజ్‌లు పంపుకునే వ్యవస్థ) కాపీ అడగండి. దీన్నే బ్యాంకుల్లో ఎంటీ103 అంటారు. 2025 నవంబరు నుంచి ఫార్మాట్ మారినా పాత పేరే నడుస్తోంది. వాళ్ల యాప్‌లోని స్క్రీన్‌షాట్ పనికిరాదు, వాళ్ల ఖాతాలో డెబిట్ అయిందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. స్విఫ్ట్ కాపీలో యూఈటీఆర్ అని హైఫన్లతో కలిపి 36 అక్షరాల నంబరు ఉంటుంది. కొరియర్‌కి ట్రాకింగ్ నంబరు ఎలాగో దీనికి ఇది అలాగ. ఇది చేతిలో ఉంటే డబ్బు ఏ బ్యాంకు దగ్గర, ఎందుకు ఆగిందో తెలుసుకోవచ్చు. అదే కాపీలో మీ పేరు, ఖాతా నంబరు, మీ బ్యాంకుని గుర్తించే స్విఫ్ట్ కోడ్ అక్షరం అక్షరం సరిచూసుకోండి.

మన దగ్గర ఎక్కువగా తేడా కొట్టేది పేరు. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఇన్‌వాయిస్ మీద మాత్రం అమెరికా వాళ్లకు పలకడానికి వీలుగా పేరు ముందు, ఇంటిపేరులో ఒక్క అక్షరం వెనక. ఇంకొందరు ఇన్‌వాయిస్ మీద సంస్థ పేరు వేసి, ఖాతా మాత్రం సొంత సేవింగ్స్ అకౌంటు ఇస్తారు. రెండూ కలవకపోతే బ్యాంకు ఆపుతుంది, లేదా వెనక్కి పంపేస్తుంది. దీన్ని మన బ్యాంకు తనంతట తాను దిద్దదు. పంపిన బ్యాంకు నుంచి సవరణ మెసేజ్ రావాలి. ఇకమీదట పాస్‌బుక్‌లో ఉన్న పేరునే ఇన్‌వాయిస్‌లో బ్యాంకు వివరాల దగ్గర రాయండి.

రెండో తప్పు స్విఫ్ట్ కోడ్ అడిగితే ఐఎఫ్‌ఎస్‌సీ ఇవ్వడం. ఐఎఫ్‌ఎస్‌సీ 11 అక్షరాలు, స్విఫ్ట్ కోడ్ 8 లేదా 11. అందుకే పొరపడతారు. ఐఎఫ్‌ఎస్‌సీలో ఐదో స్థానంలో సున్నా ఉంటుంది, అది దేశం లోపల మాత్రమే పనిచేస్తుంది. మన బ్యాంకుల స్విఫ్ట్ కోడ్‌లో ఐదు, ఆరు స్థానాల్లో దేశాన్ని చెప్పే ఐ, ఎన్ అక్షరాలు ఉంటాయి. అన్ని బ్రాంచీలకూ స్విఫ్ట్ కోడ్ ఉండదు. మీ బ్రాంచి తరఫున ఏ బ్రాంచి కోడ్ ఇవ్వాలో మేనేజరుని అడిగి రాయించుకోండి. నెట్‌లో దొరికింది ఇవ్వొద్దు.

మన బ్యాంకుకి వచ్చింది, కానీ ఖాతాలో వేయడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ పర్పస్ కోడే. విదేశాల నుంచి వచ్చే ప్రతి మొత్తానికీ అది ఎందుకు వచ్చిందో రిజర్వ్ బ్యాంకు కోడ్ ఒకటి వేయాలి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802, ఎన్నారై కుటుంబసభ్యులు ఇంటి ఖర్చులకు పంపితే పీ1301, ఇలా. ఈ వివరం అడుగుతూ బ్యాంకు పంపిన మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది, ముందు అక్కడ వెతకండి. బ్రాంచికి వెళ్తే ఇన్‌వాయిస్, పాన్, యూఈటీఆర్ మూడూ పట్టుకెళ్లండి. చిన్న బ్రాంచీల్లో ఫారెక్స్ చూసేవాళ్లు ఉండరు, ఫైలు వేరే ఊళ్లోని కేంద్ర విభాగానికి పోతుంది. కాబట్టి ఆ విభాగం మెయిల్ ఐడీ తీసుకుని మీరే రాయండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చేమీ ఉండదు.

త్వరగా పని కావాలని ఇంటి ఖర్చుల కోడ్ వేసేయమని చెప్పేవాళ్లు ఉంటారు. వినొద్దు. రేపు జీఎస్టీలో ఎగుమతిగా చూపించుకోవాలంటే అదే అడ్డొస్తుంది.

పడింది, కానీ తక్కువ పడింది

ఇందులో రెండు కోతలు ఉంటాయి. మొదటిది దారిఖర్చు. పంపేటప్పుడు ఛార్జీలు ఎవరివో ఎంచుకోవాలి: అన్నీ పంపేవాళ్లవే అయితే 'అవర్', చెరి కొంత అయితే 'షా', అన్నీ మనవే అయితే 'బెన్'. మామూలుగా 'షా' పడుతుంది, మధ్య బ్యాంకులు తమ వంతు కోసుకుని మిగతాది పంపుతాయి. బ్యాంకు ఛార్జీలన్నీ పంపేవారే భరించాలని ఇన్‌వాయిస్‌లో ఒక్క వాక్యం ముందే రాస్తే ఈ గొడవ ఉండదు.

రెండోది మారకపు రేటు. అసలు దెబ్బ ఇక్కడ. ఛార్జీ కనిపిస్తుంది కాబట్టి దానిమీద పోట్లాడతాం, రేటులో పోయింది కనిపించదు కాబట్టి ఊరుకుంటాం. డాలరుకి రూపాయిన్నర తక్కువ కట్టినా 2,000 డాలర్ల మీద 3,000 రూపాయలు పోయినట్టే. మార్పిడి మీద జీఎస్టీ దీని ముందు చిన్నది: 2 లక్షల రూపాయల మార్పిడికి 270 రూపాయలు. మొత్తం పెద్దదైతే కార్డ్ రేటు (బ్యాంకు అందరికీ వేసే రేటు) కాకుండా ట్రెజరీ రేటు (మార్కెట్‌కి దగ్గరగా ఉండే రేటు) ఇమ్మని డబ్బు రాకముందే బ్యాంకుని అడగండి. అడగనిదే ఇవ్వరు.

క్లయింటు ఐబాన్ లేదా రౌటింగ్ నంబరు అడుగుతున్నారు

ఐబాన్ అంటే యూరప్ లాంటి చోట్ల వాడే అంతర్జాతీయ ఖాతా నంబరు, ఇండియాలో అది లేదు. స్విఫ్ట్ కోడ్, ఖాతా నంబరు చాలు. అక్కడి బ్యాంకుని గుర్తించే అమెరికా వాళ్ల తొమ్మిదంకెల రౌటింగ్ నంబరు కూడా మన బ్యాంకులకు ఉండదు. వైర్ ఫీజు కట్టడం ఇష్టం లేని చిన్న క్లయింట్లు ఇది అడుగుతారు. పేయోనీర్, స్కైడో లాంటి సేవలు మీ పేరు మీద అమెరికాలో డబ్బు వేయించుకునే వివరాలు ఇస్తాయి, క్లయింటుకి అది లోకల్ చెల్లింపే. నెలనెలా చిన్న మొత్తాలు వచ్చేవాళ్లకి నా ఓటు వీటికే.

పేపాల్ సులువే, కానీ రేటు తక్కువ కడుతుంది. పైగా కొన్నవారు 180 రోజుల వరకు డిస్ప్యూట్ వేయొచ్చు. వెస్ట్రన్ యూనియన్ తరహా సేవలు వ్యక్తిగత అవసరాలకే, ఇన్‌వాయిస్ డబ్బు వాటిలో తీసుకోకూడదు. వాటికి ఒక్కోసారి 2,500 డాలర్ల పరిమితి, ఒక్కరికి ఏడాదికి 30 సార్లు. 50,000 రూపాయలు దాటితే నగదు చేతికివ్వరు.

అప్పు తీసుకున్న చుట్టం అక్కడున్నాడు, పంపే దారి లేదంటున్నాడు

ఎన్నారైకి ఇక్కడ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఎన్నారైల కోసం మన బ్యాంకులు తెరిచే ఖాతాలు) ఉంటే దారి లేకపోవడమంటూ ఉండదు. అందులోంచి మామూలు ఐఎంపీఎస్ చేస్తే నిమిషాల్లో పడుతుంది, స్విఫ్ట్ ఊసే అక్కర్లేదు. సింగపూర్‌లో ఉంటే 2023 నుంచి అక్కడి పేనౌ, మన యూపీఐ కలిశాయి, వ్యక్తిగతంగా చిన్న మొత్తాలు అలా పంపొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లు కొత్త పన్ను సాకు చెబితే ఒక మాట: 2026 జనవరి నుంచి వచ్చిన ఆ ఒక శాతం పన్ను, నగదు కట్టి పంపేవాళ్లకు. బ్యాంకు ఖాతా నుంచి పంపితే వర్తించదు.

"మా ఫ్రెండు అక్కడ మీ ఖాతాలో వేసేస్తాడు, నేను అతనికి ఇక్కడ సర్దుతా" అంటే ఒప్పుకోకండి. అది హవాలా కిందికి వస్తుంది. ఆ ఫ్రెండు వేసిన డబ్బు ఏదైనా సైబర్ మోసానిదైతే పోలీసులు మీ ఖాతా ఫ్రీజ్ చేయిస్తారు, అది విడిపించుకోవడం అప్పు వసూలు కన్నా కష్టం. డబ్బు విడుదలకు ముందు ట్యాక్స్ కట్టాలని ఫోన్ వస్తే అది మోసమే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

అసలు ఇవ్వడమే లేదు

హైదరాబాద్ కోర్టు డిక్రీని అమెరికాలో నేరుగా అమలు చేయించే ఒప్పందం మనకు లేదు. చిన్న మొత్తానికి అక్కడ లాయరుని పెట్టడం గిట్టుబాటు కాదు. కాబట్టి జాగ్రత్తంతా ముందే: కొంత అడ్వాన్సు, దశలవారీ చెల్లింపు, డబ్బు పడ్డాకే ఫైనల్ ఫైళ్లు.

గల్ఫ్ కంపెనీలు ఎగ్గొట్టే జీతం బకాయి సంగతి వేరు, అక్కడ కార్మిక చట్టం మన పక్షానే ఉంది. యూఏఈలో కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లోపు జీతం, గ్రాట్యుటీ చెల్లించాలి. వీలైతే దేశం వదలకముందే అక్కడి కార్మిక శాఖలో కేసు వేసి, రాయబార కార్యాలయం ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ ఎవరికైనా ఇచ్చి రండి. వచ్చేశాక తెలిస్తే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో పాస్‌పోర్టు, కాంట్రాక్టు, ఆఖరి జీతం స్లిప్పు జతచేసి ఫిర్యాదు పెట్టండి. విమానం ఎక్కేముందు కంపెనీ అరబిక్‌లో ఉన్న కాగితం మీద సంతకం పెట్టమంటే చదివించుకోకుండా పెట్టొద్దు. "బకాయిలన్నీ ముట్టాయి" అని అందులో రాసి ఉండొచ్చు.