రియోహా వైన్ టూర్‌కి వెళ్తున్నారా? కారు తాళం ఎవరి జేబులో ఉందో ముందు తేల్చుకోండి

పోయిన వారం రాత్రి పదింటికి ఒక ఫోన్ వచ్చింది. "అన్నా, స్పెయిన్‌లో నీకు తెలిసిన లాయర్ ఎవరైనా ఉన్నారా?" అని. చేసింది జర్మనీలో ఉద్యోగం చేసుకునే మా ఊరి కుర్రాడు. ద్రాక్ష కోతలు చూద్దామని భార్యాభర్తలిద్దరూ ఉత్తర స్పెయిన్‌లోని రియోహా వెళ్లారు. లగ్వార్దియా నుంచి ఎల్సియేగో పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త దూరంలోనే కారు రోడ్డు దిగి ద్రాక్షతోట పక్కన కాలవలో పడింది. ఆ అమ్మాయికి కాలర్ బోన్ విరిగింది. పోలీసులు అతని చేత గొట్టం ఊదిస్తే 0.64 వచ్చింది, అక్కడ పరిమితి 0.25.

"నేను తాగలేదన్నా, టేస్ట్ చేశానంతే" అని ఫోన్లో నాలుగుసార్లు అన్నాడు.

దసరా సెలవులకి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు, యూరప్‌లోనే ఉంటూ వీకెండ్‌కి వెళ్లేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. పాస్‌పోర్ట్ భద్రం, నీళ్లు తాగండి లాంటివి మీకు తెలుసు, అవి వదిలేస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒకటుంది. స్టీరింగ్ పట్టుకునేవాడు రుచి చూడకూడదు. కొంచెం కూడా.

"టేస్టింగే కదా" అనే లెక్క

మన దగ్గర 'వైన్స్' అని బోర్డున్న షాపులో వైన్ తప్ప అన్నీ అమ్ముడుపోతాయి. అందుకే వైన్ మనకి మందు లెక్కలోకి రాదు, ద్రాక్షరసానికి అన్నయ్య అనుకుంటాం. రియోహా రెడ్ వైన్‌లో ఆల్కహాల్ 13.5 నుంచి 14.5 శాతం దాకా ఉంటుంది. మన స్ట్రాంగ్ బీరుకి దాదాపు రెట్టింపు.

మోసం చేసేది గ్లాసు. చెంబంత గ్లాసులో అడుగున కాస్త పోస్తారు. చూస్తే తీర్థం పోసినట్టే ఉంటుంది. ఆ 'కాస్త' 50 మిల్లీలీటర్లు అనుకోండి. ఒక బొదేగాలో (వైన్ తయారుచేసే చోటుని అక్కడ అలా అంటారు) క్రియాంసా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా (ఎన్నాళ్లు నిల్వ ఉంచారన్నదాన్ని బట్టి వైన్‌కి పెట్టే పేర్లు), మధ్యలో ఒక వైట్ అంటూ నాలుగు పోస్తే 200 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ సుమారు 22 గ్రాములు. శరీరం గంటకి కరిగించేది ఏడు నుంచి పది గ్రాములు. అంటే ఒక్క బొదేగాకే రెండు మూడు గంటలు కావాలి. మనవాళ్లేమో రోజుకి మూడు బుక్ చేస్తారు. మూడు కలిపితే 600 మిల్లీలీటర్లు, బాటిల్‌కి ఒక్క గ్లాసు తక్కువ. మధ్యలో లంచ్ ఉంటుంది. ఆ ప్రాంతంలో 'మెనూ దెల్ దియా' అనే మధ్యాహ్న భోజనం ధరలోనే చాలాచోట్ల వైన్ కూడా కలిసి ఉంటుంది. కొన్నిచోట్ల ఇద్దరికీ కలిపి ఏకంగా ఒక బాటిల్ తెచ్చి టేబుల్ మీద పెట్టేస్తారు. డబ్బులిచ్చాం కదా అని మనం వదలం.

స్పెయిన్ పరిమితి ఊపిరిలో లీటరుకి 0.25 మిల్లీగ్రాములు, రక్తంలో అయితే లీటరుకి 0.5 గ్రాములు. లైసెన్స్ వచ్చి రెండేళ్లు కాని వాళ్లకి ఊపిరిలో 0.15. నిజానికి మన దేశంలో పరిమితి ఇంతకంటే కఠినం, రక్తంలో లీటరుకి 0.3 గ్రాములే. తేడా ఏంటంటే, డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ అంటే శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లో జరిగేది అని మన బుర్రలో ఉండిపోయింది. అక్కడ పట్టపగలు, ఊరి బయట రౌండ్‌అబౌట్ దగ్గర, చుట్టూ తోటలు తప్ప ఏమీ లేనిచోట ఆపుతారు. ఆరో దగ్గర (ఆరో అంటే అంకె కాదు, ఊరి పేరే) అయితే గ్వార్దియా సివిల్ అనే జాతీయ పోలీసు దళం వాళ్లు. లగ్వార్దియా, ఎల్సియేగో వైపు అయితే అది బాస్క్ ప్రాంతం కాబట్టి ఎర్ట్‌సాయింట్సా అనే వాళ్ల సొంత పోలీసులు. ఎవరైనా గొట్టం ఒకటే.

నేనూ ఒకసారి ఆ పక్క సీట్లో కూర్చున్నవాణ్ణే. నలుగురం వెళ్లాం. డ్రైవ్ చేసింది మాలో అందరికంటే నెమ్మదస్తుడు. సాయంత్రం ఐదింటికి ఆపారు. మొదటిసారి ఊదితే 0.33. పది నిమిషాలు ఆగి మళ్లీ ఊదమన్నారు. ఆ పది నిమిషాలూ వాడు నీళ్లు తాగాడు, చూయింగ్ గమ్ నమిలాడు, గట్టిగా గాలి పీల్చి వదిలాడు. రెండోసారి 0.32. ఐదొందల యూరోల ఫైన్. అక్కడ నివాసం లేనివాళ్లు అప్పటికప్పుడు కట్టాలి, అలా కడితే సగం తగ్గిస్తారు. డబ్బుతో పోయేదైతే పోయేది. కారు కదలనివ్వలేదు. తాగని డ్రైవర్ ఒకరు వచ్చి తీసుకెళ్లొచ్చన్నారు. మా నలుగురిలో తాగని డ్రైవర్ ఎవడు? ఎవడూ లేడు. చీకటి పడేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాం.

ఊపిరిలో 0.50 దాటితే ఫైన్ వెయ్యి. 0.60 దాటితే అది ఫైన్ కాదు, క్రిమినల్ కేసు: మూడు నుంచి ఆరు నెలల జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ, దాంతోపాటు ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా లైసెన్స్ రద్దు. ఊదను అంటే తప్పించుకున్నట్టు కాదు, అది వేరే నేరం. దానికి జైలు ఆరు నెలల నుంచి ఏడాది. అద్దె కారు ఇన్సూరెన్స్ అంతా తీసుకున్నాం అనే ధైర్యం కూడా వద్దు. తాగి నడిపినట్టు తేలితే కారు డ్యామేజీ మీ నెత్తినే పడుతుంది. ఎదుటివాళ్లకి కంపెనీ కట్టిన డబ్బు కూడా మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు వాళ్లకి ఉంది. వీసా, పర్మిట్ మీద బతికేవాళ్లకి ఒక కేసు ఎంత దూరం వెంటాడుతుందో నేను చెప్పక్కర్లేదు.

మరి ఏం చేయాలి? కారు వద్దనుకోవడం అన్నిటికంటే తేలిక. ఆరోలో రైల్వే స్టేషన్ పక్కనే 'బార్రియో దె లా ఎస్తసియోన్' అనే పేట ఉంది. ఫ్రాన్స్‌లో ఫిలోక్సెరా పురుగు తోటలన్నీ తినేసినప్పుడు బోర్డో వ్యాపారులు సరుకు కోసం ఇటు వచ్చారు, రైలు దగ్గరుంటే పీపాలు ఎక్కించడం సులువని అక్కడే బొదేగాలు కట్టుకుంటూ పోయారు. 1877 నాటి లోపెస్ దె ఎరెదియా, 1879 నాటి కూనే, 1890 నాటి లా రియోహా ఆల్టా, ఇంకా మూగా, అన్నీ నడిచే దూరంలోనే. రియోహా రాజధాని లోగ్రోన్యోలో గది తీసుకుని రైల్లోనో బస్సులోనో ఆరో వెళ్లి, ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి, సాయంత్రానికి తిరిగి రావచ్చు. రైళ్లు తక్కువ, ముందే టైం చూసుకోండి.

కారే కావాలంటే తాళం ఎవరిదో పొద్దున బయల్దేరేటప్పుడే తేల్చండి. మధ్యాహ్నం తేల్చుకుందాం అంటే తేలదు. అతను బొదేగాలో "తెంగో కే కొందుథీర్" అంటే చాలు, నేను కారు నడపాలి అని. ఎవరూ నొచ్చుకోరు. చాలాచోట్ల 'మోస్తో' ఇస్తారు, పులియబెట్టని ద్రాక్షరసం. బాగుంటుంది కూడా. మిగతావాళ్లు దయచేసి "ఒక్క గుక్క, గ్రాన్ రెసెర్వారా, మళ్లీ ఎప్పుడొస్తాం" అని అతన్ని ఊరించొద్దు. మా నెమ్మదస్తుణ్ణి చెడగొట్టింది అలా ఊరించిన మేమే.

ఉమ్మే గిన్నె పెడతారు, రుచి చూసి ఉమ్మేయవచ్చు, అది అక్కడ మర్యాదే. రోడ్డు మీద పాన్ ఉమ్మడానికి లేని సిగ్గు మనవాళ్లకి అక్కడెందుకు వస్తుందో మరి, అందరూ మింగేస్తారు. ఉమ్మేసినా నోట్లోంచి కొంత ఒంట్లోకి పోతుంది. కాబట్టి డ్రైవర్‌కి ఆ మినహాయింపు కూడా లేదు.

ఇదే తప్పుకి ఇంకో రూపం మర్నాడు పొద్దున. రాత్రి లోగ్రోన్యో లౌరెల్ వీధిలో బార్ బార్‌కీ ఒక గ్లాసు, ఒక పించో (చిన్న తినుబండారం). ఒంటిగంటకి పడక. ఏడింటికి బిల్బావో ఎయిర్‌పోర్ట్‌కి కారు. నిద్రపోతే దిగిపోతుంది అనుకుంటారు. గంటకి ఏడు నుంచి పది గ్రాములు, నిద్రలో కూడా అంతే. కాఫీ, చన్నీళ్ల స్నానం ఆ లెక్కని మార్చవు.

కోతల వేళ తొట్టెల దగ్గర

సెప్టెంబర్, అక్టోబర్‌లో వెళ్లేవాళ్లకే ఇది. ద్రాక్షరసం పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కల్లు ముంతలో నురగ పొంగుతుంది చూశారా, అదే. కాకపోతే ఇక్కడ వేల లీటర్ల తొట్టె. ఒక లీటరు రసం నుంచి నలభై లీటర్లకి పైగా గ్యాస్ వస్తుంది. గాలికంటే బరువు, కింద పేరుకుంటుంది, కంటికి కనపడదు. స్పెయిన్ వాళ్లు దీన్ని 'తూఫో' అంటారు. దీనివల్ల మనుషులు పోయిన వార్తలు అక్కడ వస్తూనే ఉంటాయి.

మన ఊళ్లలో పూడిక తీయడానికి పాతబావిలో ఒకడు దిగి పడిపోవడం, వాణ్ణి తీయడానికి ఇంకొకడు దిగడం, ఇద్దరూ పోవడం మనకి తెలియనిది కాదు. కథ అదే, చోటు వేరు. పెద్ద బొదేగాల్లో ఫ్యాన్లు, గ్యాస్ మీటర్లు ఉంటాయి, భయం లేదు. ఎవరో పరిచయస్తుల చిన్న నేలమాళిగకి "రండి, మా తాతగారి సెల్లార్ చూపిస్తా" అని తీసుకెళ్తే, లోపల రసం పులుస్తోందా అని ముందు అడగండి. పులుస్తుంటే దిగొద్దు. బావిలో దీపం దించి చూసినట్టు వాళ్లూ కొవ్వొత్తి పట్టుకుని దిగేవారు, అది ఆరలేదని నమ్మొద్దు, దీపం వెలుగుతుండగానే మనిషికి ప్రమాదం రావచ్చు. తొట్టె మీదకి వంగి ఫోటో తీయొద్దు. ఎవరైనా పడిపోతే లోపలికి వెళ్లొద్దు, బయటికి పరిగెత్తి 112కి ఫోన్ చేయండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో

- బుకింగ్ లేకుండా గేటు దగ్గరికి వెళ్లొద్దు. కోతలప్పుడు అస్సలు తీసుకోరు.
- మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఊరు నిద్రపోతుంది. ఆ ఖాళీలో ఏం చేయాలో తోచక బార్లో కూర్చునేది మన డ్రైవరే. కూర్చోనివ్వొద్దు.
- ఖాళీ కడుపుతో ఏ టూర్‌కీ వెళ్లొద్దు. షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకునే అమ్మానాన్నలైతే మరీను, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. వాళ్ల డాక్టర్‌ని బయల్దేరకముందే అడగండి.
- శాకాహారం అని చెప్తే సరిపోదు. మాంసం లేదంటారు, ట్యూనా చేప వేస్తారు. హామోన్ (ఎండబెట్టిన పంది మాంసం), చేప, రెండూ వద్దని విడిగా చెప్పండి.
- బయట ముప్పై డిగ్రీలున్నా లోపల పన్నెండు, పదిహేను. స్వెటర్ పట్టుకోండి. మెట్లు తడిగా ఉంటాయి, హీల్స్ వద్దు.
- పీపాలు శుభ్రం చేయడానికి గంధకం కాలుస్తారు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, చేతిలో.
- మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి. ఇండియాలోనే తీసుకోవాలి, అక్కడికెళ్లాక ఇవ్వరు.
- అద్దె కాగితంలో పేరు లేనివాడు కారు నడపకూడదు. రెండో డ్రైవర్ పేరు మొదటిరోజే రాయించండి. ఆ రెండోవాడూ తాగితే రాయించి లాభం లేదు.
- కోతలప్పుడు మలుపు తిరగ్గానే ట్రాక్టర్ ఉంటుంది. ద్రాక్ష కారి రోడ్డు జారుతుంది. తాగనివాడికే కష్టం.
- 135 సెంటీమీటర్ల కంటే పొట్టిగా ఉన్న పిల్లలకి వెనక సీటు, చైల్డ్ సీటు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడాలు ఇక్కడ వద్దు.
- తోటలో గుత్తి కోయొద్దు. అది మందు కొట్టిన పంట, పైగా ఇంకొకరిది.
- ఇండియాకి డ్యూటీ కట్టకుండా మనిషికి రెండు లీటర్లే. బాటిల్ క్యాబిన్ బ్యాగులో పెట్టి సెక్యూరిటీ దగ్గర ఏడవొద్దు.
- "ఇక్కడిక్కడే కదా, పది నిమిషాల దారి" అన్నవాడి చేతికి తాళం ఇవ్వొద్దు.
- "నాకేం ఎక్కలేదు" అన్నవాడికి అసలే ఇవ్వొద్దు.
- అందరూ తాగేశారా? కారు అక్కడే వదిలేయండి. ఆ పల్లెల్లో ఉబర్ రాదు, బొదేగా రిసెప్షన్‌లో అడిగితే టాక్సీ పిలుస్తారు. ముప్పై యూరోలో నలభయ్యో అవుతుంది, కట్టండి. కారు కోసం మర్నాడు మధ్యాహ్నం వెళ్లండి, పొద్దున్నే వద్దు.