తెలుగు సార్, హిందీ టీచర్ కావాలనుకుంటున్నారా? పుస్తకం కంటే ముందు మీ డిగ్రీ మెమో తీయండి

తెలంగాణలో 2024 డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల భర్తీ) నోటిఫికేషన్ రాకముందు మా చిన్నమ్మ కొడుకు హన్మకొండ నయీంనగర్‌లో రూమ్ తీసుకుని నాలుగు నెలలు తెలుగు కోచింగ్‌కి వెళ్లాడు. ఛందస్సు, సమాసాలు, అలంకారాలు అన్నీ నోటికి వచ్చేశాయి. నెట్ సెంటర్‌లో కూర్చుని అప్లికేషన్ నింపుతుంటే అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాడిది బీఏలో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. తెలుగు చదవలేదా అంటే చదివాడు, కానీ సెకండ్ లాంగ్వేజ్‌గా. బీఈడీలో మెథడాలజీ, అంటే ఏ సబ్జెక్టు చెప్పడానికి శిక్షణ తీసుకున్నాడో అది, సోషల్. స్కూల్ అసిస్టెంట్ తెలుగు పోస్టుకు ఈ రెండూ పనికిరావు. ఫీజు తీసుకున్న కోచింగ్ వాళ్లు మెమో చూపించమని ఒక్కసారీ అడగలేదు, వీడూ చూపించలేదు.

అందుకే ఇక్కడ సిలబస్ గురించి తక్కువ, కాగితాల గురించి ఎక్కువ రాస్తున్నాను.

1. మెమోలో మీ భాష ఎక్కడుందో చూడండి

డిగ్రీ మెమోలో భాషలు ఒక భాగం, గ్రూపు సబ్జెక్టులు ఇంకో భాగం. తెలుగు మొదటి భాగంలో మాత్రమే కనిపిస్తే మీరు తెలుగు చదివినట్టే, కానీ తెలుగు పోస్టుకు అర్హత వచ్చినట్టు కాదు. గ్రూపులో ఒక ఆప్షనల్‌గా తెలుగు ఉండాలి (మన దగ్గర స్పెషల్ తెలుగు అంటారు), లేదా ఓరియంటల్ లాంగ్వేజెస్ డిగ్రీ ఉండాలి, ఈ రెండూ లేకపోతే ఎంఏ తెలుగు చేసి ఉండాలి. హిందీకీ ఇదే లెక్క. కాకపోతే హిందీ వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది, హైదరాబాద్ హిందీ ప్రచార సభ విద్వాన్, మద్రాస్ దక్షిణ భారత హిందీ ప్రచార సభ ప్రవీణ లాంటి పరీక్షలు. అవి పాసైన వాళ్లు మాత్రం సర్టిఫికెట్ మీదున్న సంస్థ పేరును, పరీక్ష పేరును నోటిఫికేషన్‌లో ఉన్న పేర్లతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి. దగ్గర దగ్గర పేర్లతో చాలా సంస్థలున్నాయి, వెరిఫికేషన్ టేబుల్ అవతల కూర్చున్న ఆయనకు "దాదాపు అదే సార్" అంటే ఎక్కదు.

మా వాడిలా ఆప్షనల్ లేని వాళ్లకు తేలికైన దారి ఎంఏ. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్యలో ఎంఏ తెలుగు చేయొచ్చు, ఉద్యోగం చేసుకుంటూ కూడా నడుస్తుంది.

2. బీఈడీలో మెథడాలజీ సరిగ్గా పట్టుకోండి

డిగ్రీ ఒక్కటే చాలదు, శిక్షణ కూడా అదే భాషలో ఉండాలి. అంటే తెలుగు మెథడాలజీతో బీఈడీ, లేదా తెలుగు పండిట్ ట్రైనింగ్. హిందీకి హిందీ మెథడాలజీ, లేదా హిందీ పండిట్ ట్రైనింగ్. బీఈడీకి ఎడ్‌సెట్ రాయాలి, రెండు గంటల్లో 150 ప్రశ్నలు. 2025లో ఈ పరీక్షను నిర్వహించింది మన కాకతీయ యూనివర్సిటీనే. పరీక్షకు పెద్దగా భయపడాల్సింది లేదు. కౌన్సెలింగ్‌లో కాలేజీ దగ్గరుందా, బస్సు దొరుకుతుందా అని చూసి ఏదో ఒక మెథడాలజీకి ఒప్పుకోవడమే అసలు ప్రమాదం. రెండేళ్ల కోర్సు అది, తర్వాత మార్చుకోవడం కుదరదు.

3. టెట్‌ను పాస్ అయితే చాలు అనుకోకండి

టెట్ అంటే టీచర్ అర్హత పరీక్ష. 6 నుంచి 8 తరగతుల వాళ్లకు టెట్ పేపర్ 2. మొత్తం 150 మార్కులు, రెండున్నర గంటలు. పిల్లల మనస్తత్వం, బోధన 30, మొదటి భాష 30, ఇంగ్లిష్ 30, మిగిలిన 60 మ్యాథ్స్-సైన్స్ లేదా సోషల్. ఇక్కడే భాషా పండితులకు ఒళ్లు మండుతుంది. రేపు క్లాసులో చెప్పేది పద్యం, పరీక్షలో అడిగేది నదులు, రాజ్యాంగం. సొంత భాషకు 30 మార్కులు, ఎప్పుడో వదిలేసిన సోషల్‌కు 60. ఇది న్యాయం కాదని నేనూ అంటాను, కానీ రూల్ మారేదాకా సోషల్ పుస్తకాలు ముందేసుకోక తప్పదు. 6 నుంచి 10 దాకా స్కూల్ పుస్తకాలు రెండుసార్లు తిరగేస్తే చాలావరకు గట్టెక్కుతారు.

పాస్ మార్కులు ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60. అయితే అక్కడితో ఆగిపోవద్దు. డీఎస్సీలో రాత పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ. టెట్‌లో 105 వస్తే 14 మార్కులు చేతిలో ఉన్నట్టు, 120 వస్తే 16. డీఎస్సీలో ఒక ప్రశ్నకు అర మార్కే కాబట్టి ఆ రెండు మార్కుల తేడా నాలుగు ప్రశ్నలతో సమానం. టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, మార్కులు తక్కువనిపిస్తే మళ్లీ రాసుకోవచ్చు.

ఇప్పటికే సర్వీసులో ఉన్న సార్లకు ఒక మాట. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం రిటైర్మెంట్‌కు ఐదేళ్ల కంటే ఎక్కువ ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు ఉద్యోగంలో కొనసాగొచ్చు కానీ ప్రమోషన్ కావాలంటే వాళ్లకూ టెట్ ఉండాల్సిందే.

4. ఖాళీలు ఎన్ని వస్తాయో ముందే అంచనా వేసుకోండి

2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో లాంగ్వేజ్ పండిట్ (భాషా పండితుల) పోస్టులు 727. రాష్ట్రం మొత్తానికి అవి. జిల్లాలు, మీడియం, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) అన్నీ పోగా మీ చేతికి ఒకటో రెండో మిగులుతాయి. భాషల పోస్టులు ఎందుకింత తక్కువ అని అడిగితే విద్యాహక్కు చట్టంలోనే కొంత జవాబు ఉంది. 6 నుంచి 8 తరగతులకు సైన్స్-మ్యాథ్స్‌కు ఒకరు, సోషల్‌కు ఒకరు, "భాషలకు" ఒకరు కనీసం ఉండాలంటుంది చట్టం. మూడు భాషలు కలిపి ఒక్కరున్నా ఆ కనీస లెక్క సరిపోతుంది. ములుగు వైపు చిన్న యూపీఎస్‌లో (అప్పర్ ప్రైమరీ స్కూల్‌లో) తెలుగు చెప్పే మేడమే గంట కొట్టగానే హిందీ పుస్తకం పట్టుకుని పక్క క్లాసుకు వెళ్తుంటే ఆశ్చర్యపోకండి.

కాబట్టి డీఎస్సీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గురుకులాల్లో టీజీటీ (డిగ్రీ స్థాయి టీచర్), పీజీటీ (పీజీ స్థాయి టీచర్) పోస్టులు వేరే బోర్డు వేస్తుంది. కేంద్రీయ విద్యాలయాల్లో హిందీ, సంస్కృతం టీజీటీలుంటాయి, వాటికి సీటెట్ (కేంద్రం పెట్టే టెట్) కావాలి. ప్రైవేటులో తెలుగు వాళ్లకు ఒక బలం ఉంది: 2018 చట్టంతో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ స్కూళ్లు సహా పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేశారు. అంతకుముందు తెలుగు ఊసే లేని స్కూలు కూడా ఇప్పుడు తెలుగు టీచర్‌ను పెట్టుకోవాల్సిందే. జీతం మాత్రం గట్టిగా మాట్లాడుకోండి, చేరాక పెంచుతామన్న మాట నోటిమాటగా వదిలేయొద్దు.

ఫ్రెంచ్, జర్మన్ చెప్పాలనుకునే వాళ్లు హైదరాబాద్ దాకా వెళ్లక తప్పదు. ఎఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) డిగ్రీ చేయొచ్చు, లేదా అలయన్స్ ఫ్రాన్సేజ్, గోథె సెంట్రమ్‌లలో ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లు మెట్లుగా చదవొచ్చు. ఫ్రెంచ్‌లో బీ2 డెల్ఫ్ డిప్లొమా చేతిలో ఉంటే దానికి గడువు తీరడం అంటూ ఉండదు.

5. ఏ జిల్లాకు లోకలో తేల్చుకోండి

టీచర్ పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాలో చదివితే మీరు అక్కడ లోకల్, ఇప్పుడు ఇల్లెక్కడుందన్నది లెక్కలోకి రాదు. మన దగ్గర దీనికి ఇంకో చిక్కు. 2016లో ఉమ్మడి వరంగల్ ముక్కలైంది, 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హన్మకొండగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గా మారాయి, కొన్ని మండలాలు అటూ ఇటూ అయ్యాయి. పరకాల అప్పట్లో వరంగల్ రూరల్, ఇప్పుడు హన్మకొండ జిల్లా. మీ స్కూలు ఇవాళ ఏ జిల్లాలో ఉందో అదే రాయాలి, పాత మెమో మీదున్న పేరు చూసి రాస్తే తప్పుతుంది.

ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి, నోటిఫికేషన్ పడ్డాక ప్రతి హెడ్మాస్టర్ గది ముందు క్యూ ఉంటుంది. మీరు చదివిన ప్రైవేటు స్కూలు మూతపడిందా, అయితే ఎంఈవో ఆఫీసులో పాత అడ్మిషన్ రిజిస్టర్ గురించి అడగండి. రిజిస్టర్‌లో ఇంటిపేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంటే అది కూడా ఆ ట్రిప్‌లోనే బయటపడుతుంది.