సొంత పాటతో స్టూడియోకి వెళ్లే బ్యాండ్‌కి
మొదటిసారైతే ఒక్క రోజులో రెండు పాటలకు మించి పెట్టుకోకండి. ప్రతి పాట టెంపో (వేగం) ముందే తేల్చుకుని, కనీసం రెండు వారాలు హెడ్‌ఫోన్లో తాళం చూపే టిక్ టిక్ శబ్దం, అంటే క్లిక్‌తోనే సాధన చేయండి. డ్రమ్మర్‌కి క్లిక్ అలవాటు లేకపోతే సగం రోజు అక్కడే పోతుంది.

గిటార్ తీగలు ఒకరోజు ముందు మార్చండి. అదే రోజు మారిస్తే అవి సాగుతూ శ్రుతి తప్పుతాయి. ప్రతి టేక్ (ఒక్కోసారి చేసే రికార్డింగ్) ముందూ ట్యూనర్ చూడాల్సిందే.

రికార్డింగ్‌లో ముందు డ్రమ్స్, మిగతావాళ్లు గైడ్ ట్రాక్ (డ్రమ్మర్‌కి దారి చూపే తాత్కాలిక వాయింపు) వాయిస్తే చాలు. తర్వాత బేస్, గిటార్లు. బేస్‌ని ఆంప్ మైక్‌తోపాటు డీఐ బాక్స్ (ఆంప్, మైక్ లేకుండా వాయిద్యం సిగ్నల్‌ని నేరుగా రికార్డింగ్‌కి పంపే పెట్టె) నుంచి కూడా తీసుకుంటే టోన్ తర్వాత మార్చుకోవచ్చు. గిటార్ గెయిన్ (ఆంప్‌లో ధ్వనికి గరగర పెంచే సెట్టింగ్) మామూలుగా వాడేదానికన్నా తగ్గించండి. ఒకే రిఫ్‌ని (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస) రెండుసార్లు వాయించి ఎడమ, కుడి వైపులకు పెట్టినప్పుడు గెయిన్ ఎక్కువైతే స్వరాలు విడివిడిగా వినపడవు.

గాత్రం చివర. మైక్‌కి జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ లాంటి అక్షరాల గాలి దెబ్బ మైక్‌కి తగలకుండా ఆపే తెర). హెడ్‌ఫోన్లో క్లిక్ గట్టిగా ఉంటే, మెల్లగా పాడే చరణంలో ఆ టిక్ టిక్ మైక్‌లోకి దూరిపోతుంది. తర్వాత దాన్ని తీసేయడం చాలా కష్టం, అక్కడ తగ్గించమని ఇంజనీర్‌కి ముందే చెప్పండి.

బయల్దేరేముందు ఒక్కో ట్రాక్‌కీ విడిగా 24 బిట్ వేవ్ (WAV) ఆడియో ఫైళ్లు, అన్నీ పాట మొదటి నుంచే మొదలయ్యేలా, రెండు డ్రైవ్‌లలో తీసుకోండి.