కళ్ళలో చుక్కలు వేస్తున్నా మంట తగ్గట్లేదా? రెప్పలకు కాపడం ఎలా పెట్టుకోవాలి?

డ్రై ఐ ఉందని డాక్టర్ చెబితే చాలామందికి నమ్మబుద్ధి కాదు. "నాకు నీళ్ళు కారుతుంటే కళ్ళు పొడిబారడమేంటి?" అంటారు. బండి మీద గాలి తగలగానే కళ్ళు ధారకట్టేవాళ్ళకు కూడా డ్రై ఐ ఉండొచ్చు. కన్నీటి పైన పల్చటి నూనె పొర ఒకటి ఉంటుంది. అది సరిగా లేకపోతే తడి త్వరగా ఆరిపోయి కన్ను మండుతుంది. ఆ మంటకు మళ్ళీ నీళ్ళు ఊరతాయి.

ఆ నూనె రెప్పల్లోనే తయారవుతుంది. పైరెప్పలో 25 నుంచి 40, కిందిరెప్పలో 20 నుంచి 30 దాకా సన్నటి గ్రంథులుంటాయి. వాటి నోళ్ళు వెంట్రుకల వెనకే, రెప్ప అంచున ఉంటాయి. 1666లో వీటి గురించి రాసిన జర్మన్ వైద్యుడు మైబోమ్ పేరు మీద మైబోమియన్ గ్రంథులు అంటారు. లోపలి నూనె చిక్కబడితే చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టే అక్కడ పేరుకుపోతుంది. అప్పుడు చుక్కల మందు ఎన్నిసార్లు మార్చినా ఉపశమనం కాసేపే. ముందు ఆ నూనె కరగాలి.

మొదటి పని: కాపడం

చాలామంది కాపడం పెడతారు కానీ చాలినంత సేపు పెట్టరు. గుడ్డను నోటితో ఊది కంటికి అద్దుకోవడం మన ఇళ్ళలో అలవాటే, కానీ ఆ వేడి ఈ నూనెకు ఏ మూలకూ రాదు. రెప్పకు 40 డిగ్రీల సెల్సియస్ పైన వేడి తగలాలి, అదీ 5 నుంచి 10 నిమిషాలు ఆగకుండా. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది. కాబట్టి ఫ్లాస్కులో వేడినీళ్ళు పెట్టుకుని, రెండు శుభ్రమైన చేతిగుడ్డలు మార్చి మార్చి వాడండి. మైక్రోవేవ్‌లో వేడిచేసే ఐ మాస్క్ కొనుక్కుంటే ఈ హడావుడి ఉండదు. వేడి ఎక్కువసేపు నిలుస్తుంది కూడా.

కాంటాక్ట్ లెన్సులుంటే ముందు తీసేయండి. గుడ్డను మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి. అక్కడ చురుక్కుమంటే కంటికి వద్దు. పెనం మీదో, ఇస్త్రీపెట్టెతోనో వేడిచేసిన గుడ్డ అసలు వద్దు. రెప్ప చర్మం చాలా పల్చన, ఇట్టే కాలుతుంది.

వెంటనే మర్దన

నూనె మళ్ళీ గట్టిపడేలోపు చేయాలి. చేతులు కడుక్కుని కళ్ళు మూసుకోండి. పైరెప్ప మీద వేలితో పైనుంచి వెంట్రుకల వైపు కిందికి, కిందిరెప్ప మీద కిందినుంచి పైకి మెల్లగా జార్చండి. ముక్కు పక్కనుంచి బయటి కొన దాకా, ఒక్కోచోట నాలుగైదు సార్లు చాలు. వేలి ఒత్తిడి రెప్ప అంచు మీదే ఉండాలి, కనుగుడ్డు మీద పడకూడదు. తర్వాత కాసేపు చూపు మసకగా అనిపిస్తే కంగారు పడకండి, నూనె బయటికొస్తే అలాగే ఉంటుంది. ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్ళు, గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడక్కుండా మర్దన చేయొద్దు.

రెప్ప అంచు శుభ్రం

కాచి చల్లార్చిన నీళ్ళలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ కలిపి, ఇయర్ బడ్‌తో వెంట్రుకల మొదళ్ళను అడ్డంగా తుడిచి కడిగేయండి. షాంపూ మంటపుడితే మెడికల్ షాపులో దొరికే లిడ్ వైప్స్ వాడుకోవచ్చు. ప్రతి వెంట్రుక మొదట్లో చుండ్రు లాంటి తొడుగు కనిపిస్తే డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగు ఉండొచ్చు. దానికి మందు డాక్టర్ ఇవ్వాలి. టీ ట్రీ నూనెను నేరుగా రాసుకుంటే కన్ను దెబ్బతింటుంది.

రెప్ప లోపలి అంచున కాటుక పెట్టుకునే అలవాటుంటే మానాలి. గ్రంథుల నోళ్ళు సరిగ్గా అక్కడే ఉంటాయి.

చుక్కలు, స్క్రీను

కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ లాంటి కృత్రిమ కన్నీటి చుక్కలు వాడొచ్చు. రోజుకు నాలుగుసార్లకు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే రసాయనం) లేనివి అడిగి తీసుకోండి. ఎర్రదనం చిటికెలో పోతుందని ఎవరో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా వేసుకోవద్దు. గ్లకోమా, శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంది. ఆముదం, తేనె, రోజ్‌వాటర్ ప్రయోగాలూ వద్దు.

స్క్రీను చూసేటప్పుడు రెప్పలు తక్కువసార్లు వాలతాయి, అదీ సగం సగమే. నూనె బయటికి రావాలంటే రెప్పలు పూర్తిగా కలవాలి. అప్పుడప్పుడూ కళ్ళు గట్టిగా మూసి తెరవండి. ఏసీ గాలి, కూలర్ గాలి ముఖానికి నేరుగా తగలకుండా చూసుకోండి.

చేప నూనె మాత్రల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అమెరికాలో జరిగి 2018లో వెలువడిన పెద్ద అధ్యయనంలో చేప నూనెలో ఉండే ఒమేగా-3ని రోజూ 3 గ్రాముల చొప్పున ఏడాది పాటు తీసుకున్నవాళ్ళకు, ఆలివ్ నూనె మాత్రలు తీసుకున్నవాళ్ళకంటే ఎక్కువ మేలేమీ కనిపించలేదు. ఆ డబ్బుతో మంచి మాస్క్ వస్తుంది.

ఎన్నాళ్ళు?

కాపడం, మర్దన మొదట్లో రోజుకు రెండుసార్లు, కొన్ని వారాల పాటు. తగ్గాక రోజుకోసారి. పూర్తిగా మానేస్తే చాలామందికి మళ్ళీ మొదలవుతుంది. తగ్గకపోతే డాక్టర్ అజిత్రోమైసిన్ చుక్కలో, డాక్సీసైక్లిన్ మాత్రలో రాయొచ్చు. గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ సాధారణంగా ఇవ్వరు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే ఆ మాటా చెప్పండి, ఈ గ్రంథులను అది దెబ్బతీయగలదు. కళ్ళతోపాటు నోరు ఎండిపోవడం, కీళ్ళ నొప్పులు ఉంటే షోగ్రెన్స్ సిండ్రోమ్ (శరీర రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే జబ్బు) పరీక్షలు అవసరం కావచ్చు.

తీవ్రమైన నొప్పి, చూపు తగ్గడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపిస్తే కాపడాలు ఆపి, అదే రోజు కంటి ఆస్పత్రికి వెళ్ళండి. రెప్ప మీద ఒకేచోట గడ్డ పదేపదే లేస్తున్నా, ముఖ్యంగా వయసు పైబడినవాళ్ళలో, డాక్టర్‌కు తప్పకుండా చూపించాలి. అరుదుగా అది క్యాన్సర్ కావచ్చు.