సొంత వాహనంపై టాప్ క్యారియర్ చేయించుకోవడానికి రవాణా శాఖ అనుమతి: దరఖాస్తు విధానం

టాప్ క్యారియర్‌ను వాహనానికి ఎలా బిగిస్తున్నాం అన్నదాన్ని బట్టే రవాణా కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలా, వద్దా అన్నది తేలుతుంది. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా వెల్డింగ్ షాపులో కొలతలు ఇచ్చి ఇనుప పైపులతో క్యారియర్ చేయించుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దీపావళితో మొదలయ్యే కురుమూర్తి జాతరకు వంట సామాను తీసుకువెళ్లాలన్నా, ఊరి నుంచి బియ్యం బస్తాలు తెచ్చుకోవాలన్నా ఏడుగురు కూర్చున్న బండి లోపల చోటు మిగలదు కాబట్టి ఆ అవసరం నిజమైనదే. అయితే షాపుకు వెళ్లి పైపులు కోయించిన తరువాత కాగితాల సంగతి ఆలోచించేవారే ఎక్కువ. ఆ క్రమం తారుమారు కావాలన్నదే ఈ వివరణ ఉద్దేశం.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలకూ తేడా వచ్చేటట్లు యజమాని తన వాహనాన్ని మార్చకూడదు. ‘మార్పు’ అంటే వాహన నిర్మాణంలో చేసే, దాని మౌలిక లక్షణం మారిపోయే మార్పు అని అదే సెక్షన్ వివరణలో ఉంది. రాష్ట్రాల నియమాలు ఏమైనా సరే, ఈ సెక్షన్‌కు లోబడే ఉండాలని, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, అనుమతి లేని విధంగా వాహనాన్ని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, లేదా రెండూ గాని పడవచ్చు.

ఇప్పుడు క్యారియర్‌కు వద్దాం. టాప్‌పై కంపెనీ ఇచ్చిన పట్టాలకు గాని, పాత జీపు తరహా బండ్ల అంచున ఉండే నీటి గాడికి గాని క్లాంపులతో, నట్లు బోల్టులతో బిగించి, స్పానరుతో పది నిమిషాల్లో విప్పి పక్కన పెట్టగలిగే క్యారియర్ వాహన నిర్మాణాన్ని మార్చదు. ఆర్‌సీలో ఉన్న బాడీ రకం, సీట్ల సంఖ్య, ఖాళీ బరువు, ఏవీ మారవు. పైకప్పుకు రంధ్రాలు వేసి బిగించినది, పైకప్పుకు వెల్డింగ్ చేసినది, వెనుక తలుపు పక్కన నిచ్చెనతో కలిపి శాశ్వతంగా అతికించినది మాత్రం వేరు. అది బాడీలో భాగమైపోతుంది, ఖాళీ బరువు పెరుగుతుంది, కాబట్టి 52వ సెక్షన్ పరిధిలోకి వస్తుందనే భావించి ముందుకు సాగాలి.

నా సలహా సూటిగా చెబుతాను: కుటుంబ అవసరానికి విప్పదీసే క్యారియరే చేయించుకోండి. శాశ్వతంగా బిగించక తప్పని పరిస్థితి ఉంటేనే దరఖాస్తు పెట్టి, అనుమతి చేతికి వచ్చాకే పని మొదలుపెట్టండి. మీ డిజైన్ ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోలేకపోతే, షాపువారి మాట మీద గాని, పక్కింటి బండికి ఉందన్న ధైర్యంతో గాని పోకుండా, కార్యాలయానికి రాతపూర్వకంగా అడగడమే క్షేమం. మా ఇంటి బండికి ఒకప్పుడు ఇలాగే మాట మీద నమ్మి పైకప్పుకు ఎనిమిది రంధ్రాలు వేయించాము. రెండు వర్షాకాలాలు గడిచేసరికి బోల్టుల చుట్టూ తుప్పు పట్టి, నీరు కారి లోపలి పైగుడ్డ కుళ్లిపోయింది. ఆ క్యారియర్ విప్పినా రంధ్రాలు పోలేదు.

దరఖాస్తుకు ముందు తేల్చుకోవలసిన కొలతలు

దరఖాస్తుతో పాటు ఇచ్చే నక్షాలో నాలుగు అంకెలు స్పష్టంగా ఉండాలి: క్యారియర్ పొడవు, వెడల్పు, దానితో కలిపి నేల నుంచి మొత్తం ఎత్తు, క్యారియర్ బరువు. వీటిలో మొదటి మూడు టేపుతో తేలుతాయి. బరువును మాత్రం చాలామంది ఊహతో రాస్తారు, అది తప్పు.

వాహనంతో వచ్చిన యజమాని పుస్తకంలో పైకప్పు మోయగల గరిష్ఠ బరువు ఉంటుంది. ఆ అంకెలో క్యారియర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. ఉదాహరణకు ఆ పరిమితి 75 కిలోలు అనుకుందాం. ఒకటిన్నర మీటరు పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న చట్రానికి, మధ్యలో ఐదు అడ్డ పైపులతో, కాళ్లతో కలిపి దాదాపు 12 మీటర్ల పైపు పడుతుంది. షాపుల్లో ఎక్కువగా వాడే 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, 1.6 మిల్లీమీటర్ల మందం గలది, మీటరుకు సుమారు 1.18 కిలోలు తూగుతుంది. అంటే పైపే 14 కిలోలు. క్లాంపులు, జాలీ కలిపి మరో 4 కిలోలు వేసుకుంటే 18 కిలోలు. మిగిలింది 57 కిలోలు, అంటే 25 కిలోల బియ్యం బస్తాలు రెండు పెట్టి ఆపవలసిందే. అదే పైపు అల్యూమినియంలో తీసుకుంటే మీటరుకు 0.4 కిలో మాత్రమే కాబట్టి 12 మీటర్లు 5 కిలోలలోపే ఉంటాయి. అల్యూమినియానికి మామూలు వెల్డింగ్ పనికిరాదు, ఆర్గాన్ వెల్డింగ్ కావాలి. అది దగ్గరలో లేకపోతే మూలలను బోల్టులతో కలుపుకోవచ్చు. ఇలా లెక్క వేసిన బరువును దరఖాస్తులో రాసి, అనుమతి వచ్చి క్యారియర్ తయారయ్యాక దాన్ని కాంటాపై తూయించి ఆ చీటీని తుది తనిఖీలో చూపితే ప్రశ్నకు తావుండదు. క్యారియర్ బిగించాక మొత్తం వాహనాన్ని ధర్మకాంటాపై తూయించినా సరిపోతుందని కొందరు అనుకుంటారు గాని, అక్కడి కాంటా అయిదు, పది కిలోల తేడాతోనే చూపుతుంది కాబట్టి క్యారియర్‌ను విడిగా తూయించడమే మేలు.

బరువు కన్నా ముందు చూడవలసిన ప్రమాదం ఒకటుంది. ఇటీవలి కార్లలో తలుపుల పైన, పైకప్పు అంచు లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (ప్రమాదంలో కిటికీల వెంట తెరలా విచ్చుకునే రక్షణ సంచులు) చుట్టి ఉంటాయి. ఆ అంచున రంధ్రం వేసినా, వెల్డింగ్ చేసినా ఎయిర్‌బ్యాగు దెబ్బతినవచ్చు. అటువంటి వాహనానికి శాశ్వత క్యారియర్ ఆలోచనే మానుకోవాలి. క్యారియర్ వెడల్పు పైకప్పు అంచులు దాటకూడదు. వెనుక నిచ్చెన పెడితే అది నంబరు ప్లేటును గాని, వెనుక లైట్లను గాని కప్పకూడదు. క్యారియర్ ముందు భాగంలో ఎల్‌ఈడీ బార్ లైట్లు బిగించే అలవాటు ఉంది. ఈ దరఖాస్తులో దాన్ని కలపకండి, అసలు బిగించకండి.

ఏ కార్యాలయం, ఏ పత్రాలు

మీరు నివసించే చిరునామా ఏ రిజిస్టరింగ్ అథారిటీ (వాహనాలను నమోదు చేసే రవాణా అధికారి) పరిధిలో ఉందో అక్కడే దరఖాస్తు పెట్టాలి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినందున పాత నంబరును చూసి కార్యాలయాన్ని నిర్ణయించుకోవద్దు. ఏపీ 24 నంబరు ఉన్న బండి యజమాని ఇప్పుడు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలలో దేనిలోనైనా ఉండవచ్చు. పాత మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఏపీ 22 బండి విషయంలోనూ ఇంతే. నేటి సంకేతాలలో 05 నల్లగొండకు, 06 మహబూబ్‌నగర్‌కు, 29 సూర్యాపేటకు, 31 నాగర్‌కర్నూల్‌కు, 32 వనపర్తికి, 33 జోగులాంబ గద్వాలకు, 38 నారాయణపేటకు చెందుతాయి. ఆర్‌సీలో పాత చిరునామా ఉంటే ముందుగా చిరునామా మార్పు చేయించుకోవాలి. రెండు పనులనూ ఒకేసారి మొదలుపెడితే ఒకదాని కోసం మరొకటి ఆగిపోతుంది.

రవాణా శాఖ ఆన్‌లైన్ సేవల్లో వాహన మార్పుకు సంబంధించిన సేవను ఎంచుకొని, వివరాలు నింపి, అక్కడ చూపిన రుసుము చెల్లించి, స్లాట్ తీసుకోవాలి. సొంతంగా చేయలేనివారు మీ సేవ కేంద్రంలో అడగవచ్చు. రశీదు ముద్రించి ఉంచుకోండి. స్లాట్ రోజున ఆర్‌సీ అసలు ప్రతి, అమలులో ఉన్న బీమా పత్రం, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, వాహనం నాలుగు వైపుల ఫొటోలు, కొలతలతో కూడిన నక్షా, పుస్తకంలో పైకప్పు బరువు పరిమితి ఉన్న పేజీ నకలు వెంట తీసుకువెళ్లాలి. పెండింగ్ చలాన్లు ఉంటే ముందే చెల్లించుకోవడం మంచిది. అప్పు మీద కొన్న వాహనమైతే, ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటుంది కాబట్టి ఆ సంస్థ రాతపూర్వక సమ్మతి తప్పకుండా జత చేయాలి. ఈ ఒక్క కాగితం లేక వెనుదిరిగి రావలసి వస్తే ఒక రోజు కూలి, ఒక రోజు సెలవు పోతాయి.

ఆన్‌లైన్ ఫారంలో క్యారియర్ గురించి వివరంగా రాయడానికి చోటు ఉండదు. అందువల్ల తెల్లకాగితంపై ఒక అర్జీ విడిగా రాసి ఇవ్వడం అవసరం. ఈ విధంగా రాయవచ్చు:

రిజిస్టరింగ్ అధికారి గారికి, జిల్లా రవాణా కార్యాలయం, నల్లగొండ.

విషయం: నా కుటుంబ వాహనం పైకప్పుపై సామాను క్యారియర్ అమర్చుకొనుటకు మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షన్ కింద ముందస్తు అనుమతి కోరుట గురించి.

అయ్యా, పైన తెలిపిన విషయమై మనవి చేయునది ఏమనగా, నా పేరున రిజిస్టరై ఉన్న ....... నంబరు గల వాహనమును మా కుటుంబ సొంత అవసరాలకు మాత్రమే వాడుకొనుచున్నాము. దీని పైకప్పుపై ....... మీటర్ల పొడవు, ....... మీటర్ల వెడల్పు, ....... కిలోల బరువు గల క్యారియర్‌ను ....... పద్ధతిలో అమర్చదలచితిని. క్యారియర్‌తో కలిపి వాహనపు ఎత్తు ....... మీటర్లు అగును. సీట్ల సంఖ్య, బాడీ రకము మారవు. తయారీదారు సూచించిన పైకప్పు పరిమితి ....... కిలోలు. నక్షా, ఫొటోలు జతపరచితిని. పరిశీలించి అనుమతి ఇప్పించవలసినదిగా, అనుమతి అవసరము లేని పక్షమున ఆ సంగతిని రాతపూర్వకముగా తెలుపవలసినదిగా ప్రార్థన.

చివరి వాక్యాన్ని వదిలిపెట్టవద్దు. విప్పదీసే క్యారియర్‌కు అనుమతి అక్కరలేదని నోటిమాటగా చెప్పి పంపితే, రేపు రోడ్డుపై తనిఖీలో ఆ మాట మీకు అక్కరకు రాదు. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదానిపై కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి.

తనిఖీ, ఆర్‌సీలో నమోదు

మన దగ్గర జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు వాహనాన్ని చూసి, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చుకుంటారు. నక్షా స్పష్టంగా ఉంటే మాటలు తక్కువ అవుతాయి. అనుమతి వచ్చాక, నక్షాలో ఉన్న కొలతల ప్రకారమే పని చేయించాలి. షాపులో ఉన్న పైపు ముక్క పొడవుగా ఉందని ఒక అడుగు పెంచితే అనుమతి ఉండీ లేనట్లే. పని చేసేవారి నుంచి బిల్లు తీసుకోండి. వెల్డింగ్ సమయంలో బ్యాటరీ తీగలు విప్పించడం మరువవద్దు.

మార్పు పూర్తయ్యాక వాహనాన్ని మళ్లీ చూపించి, కొత్త వివరాలను ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. అనుమతి లేకుండానే ఇప్పటికే శాశ్వత క్యారియర్ చేయించుకున్నవారికి 52వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ వర్తిస్తుంది: మార్పు జరిగిన 14 రోజులలోగా తమ పరిధిలోని రిజిస్టరింగ్ అథారిటీకి తెలిపి, ఆర్‌సీని, నిర్ణీత రుసుమును సమర్పించాలి. అలా తెలిపినంత మాత్రాన ఆమోదం దొరికినట్లు కాదు. గడువు దాటిపోయిన క్యారియర్‌ను కోయించి తీసివేయడమే చాలా సందర్భాలలో తక్కువ ఖర్చుతో అయ్యే పని.

దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలతో కూడిన ఉత్తర్వు అడిగి తీసుకోవాలి. ఆ ఉత్తర్వు అందిన 30 రోజులలోగా 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది. అయితే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, పైకప్పు పరిమితి వంటి భద్రతా కారణాలతో తిరస్కరించి ఉంటే అప్పీలు కన్నా డిజైన్ మార్చుకుని, క్లాంపుల క్యారియర్‌కు మారడమే వివేకం.

ఆర్‌సీలో నమోదు కాగానే, లేదా కార్యాలయం నుంచి జవాబు రాగానే, దాని నకలుతో బీమా సంస్థకు ఒక ఉత్తరం రాయండి. చెప్పని మార్పు క్లెయిము సమయంలో అభ్యంతరంగా మారుతుంది. క్యారియర్ విలువను కూడా పాలసీలో చేర్చమని అప్పుడే అడగవచ్చు.

క్యారియర్‌కు అనుమతి రావడం వేరు, దానిపై పెట్టే సామానుకు ఉన్న పరిమితి వేరు. సామాను బాడీ పక్కలకు, ముందుకు, వెనుకకు పొడుచుకు వచ్చినా, అనుమతించిన ఎత్తు దాటినా 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, దించే ఖర్చు కూడా యజమానిదే. మంచపు పట్టెలు, పైపులు వెనుకకు వేలాడేటట్లు కట్టి హైవే ఎక్కేవారు ఈ సంగతి గమనించాలి. రైలు కింది వంతెనల దగ్గర, ఎత్తు అడ్డుపట్టీల దగ్గర ఉపయోగపడేటట్లు, సామానుతో కలిపి ఎత్తును ఒక చీటీపై రాసి డ్రైవరు ముందు అంటించుకోండి. అనుమతి ఉత్తర్వు, ముద్ర వేయించుకున్న అర్జీ ప్రతి, షాపు బిల్లు, కాంటా చీటీ ఒకే కవరులో పెట్టి ఆర్‌సీతో పాటు బండిలోనే ఉంచండి. మొదటిసారి బరువు ఎక్కించి ప్రయాణించినప్పుడు యాభై కిలోమీటర్లకు ఒకసారి ఆగి క్లాంపుల బోల్టులన్నీ స్పానరుతో బిగించి చూసుకోండి.