అల్యూమినియం రజనుకు నిప్పంటకుండా వర్క్‌షాపును కాపాడుకోవడం ఎలా?

చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో పనిచేసినవారికి దుమ్ము అంటే ఊపిరితిత్తులను పాడుచేసేది, నీళ్లు పెడితే అణిగేది. అదే మనిషి ఒంగోలులోనో నెల్లూరు ఆటోనగర్‌లోనో అల్యూమినియం ఫ్రేములు గ్రైండింగ్, బఫింగ్ చేసే షెడ్డులో చేరితే, ఆ పాత అలవాటే ముప్పు తెస్తుంది. గ్రానైట్‌లోని సిలికా ఇదివరకే ఆక్సిజన్‌తో కలిసి ఉన్న పదార్థం కాబట్టి మండదు. అల్యూమినియం, మెగ్నీషియం, టైటానియం అలా కాదు. కడ్డీగా ఉన్నప్పుడు నిప్పంటని లోహం, మెత్తని రజనుగా మారాక గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరిగి, ఒక్క నిప్పురవ్వకే భగ్గుమంటుంది.

ముందుగా రజను ఎక్కడ పేరుకుంటోందో చూడాలి. నేల మీద కనిపించేది కొంతే. నిచ్చెన వేసుకొని దూలాలు, ట్యూబ్‌లైటు పట్టీలు, కేబుల్ ట్రేలు తడిమి చూడండి. అమెరికాలో తనిఖీలకు వాడుతూ వచ్చిన కొలత ప్రకారం, సుమారు 0.8 మిల్లీమీటర్ల పొర గది నేల వైశాల్యంలో 5 శాతం మేర ఉన్నా జాగ్రత్త పడవలసిందే. యంత్రం దగ్గర పుట్టిన చిన్న పేలుడు దూలాల మీది పొడిని గాలిలోకి లేపుతుంది. ఆ మబ్బు అంటుకొని జరిగే రెండో పేలుడే ఎక్కువగా ప్రాణాలు తీస్తుంది.

శుభ్రం చేసేటప్పుడు కంప్రెసర్ గాలి కొట్టకూడదు. చాలా షెడ్లలో సాయంత్రం పని ముగించే పద్ధతి ఇదే, మానిపించడం కష్టం కూడా. కానీ పొడిని మబ్బుగా లేపడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. సహజ నారతో చేసిన మెత్తని కుంచెతో నెమ్మదిగా ఊడ్చి, నిప్పురవ్వలు రాని లోహపు చేటతో ఎత్తి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి రోజూ షెడ్డు బయటికి చేర్చాలి. మామూలు వాక్యూమ్ క్లీనర్ మోటారులోనే రవ్వలు పుడతాయి కనుక దానిని వాడరాదు.

రజను పుట్టినచోటనే పీల్చుకునే గొట్టాలు అమర్చి, పొడి చేరే పెట్టెను షెడ్డు బయట ఉంచాలి. గొట్టాలకు, యంత్రాలకు ఎర్తింగ్ తప్పనిసరి. ఇనుమును, అల్యూమినియాన్ని ఒకే ఎమెరీ వీల్ మీద అరగదీయకూడదు. ఇనుప రవ్వలు పొడిని అంటించగలవు, పైగా తుప్పూ అల్యూమినియం పొడీ కలిస్తే రైలు పట్టాలను అతకడానికి వాడే, విపరీతమైన వేడితో మండే థర్మైట్ మిశ్రమం తయారవుతుంది. వెల్డింగ్ పెట్టే ముందు చుట్టుపక్కల పొడి పూర్తిగా తీసివేయాలి. బీడీ, సిగరెట్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన జిల్లాల్లో ప్రత్యేకంగా చూసుకోవలసింది తేమ. అక్టోబరు, నవంబరు వానలకు రేకుల కప్పు కారి, నిలవ ఉన్న రజను తడిస్తే అది నెమ్మదిగా వేడెక్కి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. 2014 ఆగస్టు 2న చైనాలోని కున్షాన్‌లో కారు చక్రాలు పాలిష్ చేసే కర్మాగారం పేలిపోయి 146 మంది మరణించడానికి, పొడి చేరే పీపాలోకి తేమ దిగడమే నిప్పుకు మూలమని విచారణ తేల్చింది. కాబట్టి వానలకు ముందే కప్పు బాగుచేయించి, డబ్బాలను నేలకు ఎత్తుగా, పొడిగా ఉన్నచోట పెట్టాలి.

ఇన్ని చేసినా మంట పుడితే నీళ్లు చల్లకూడదు. మండే లోహం నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. మెగ్నీషియమైతే కార్బన్ డయాక్సైడ్‌లో కూడా మండుతుంది, కాబట్టి ఆ వాయువు సిలిండరూ దాన్ని ఆర్పలేదు. మామూలు మంటలను ఆర్పడానికి గోడకు తగిలించిన ఏబీసీ పొడి సిలిండర్ కూడా ఇక్కడ పనికిరాదు, దాని విసురుకే రజను లేస్తుంది. లోహాల మంటకు ప్రత్యేకించిన డి తరగతి పొడి కొని ఉంచుకోవాలి. అది లేనిచోట పెన్నా ఇసుకైనా చాలు, అయితే బాగా ఎండబెట్టి మూత ఉన్న డ్రమ్ములో దాచినదై ఉండాలి. మంట చిన్నదైతేనే, ముందు చుట్టూ గట్టులా పోసి, తరువాత పారతో మెల్లగా కప్పాలి, విసిరి కొట్టకూడదు. మంట పెద్దదైతే అందరూ బయటికి వచ్చి తలుపులు మూసి, 101కి ఫోన్ చేసి, మండుతున్నది లోహపు పొడి అని మొదటి మాటగానే చెప్పాలి. లేకపోతే వచ్చిన ఫైరింజన్ నీళ్ల గొట్టంతోనే పని మొదలుపెడుతుంది.