చంటిపిల్లలున్న ఇంట్లో కథ రాసుకోవడం ఎలా?

పిల్లలు కాస్త పెద్దయ్యాక రాద్దాంలే అని పక్కన పెట్టేసిన కథ మళ్లీ చేతికి రావడం కష్టం. రెండేళ్లు పోయాక తెరిస్తే అందులో మనుషులు మనకే కొత్తగా కనిపిస్తారు. అందుకే రోజుకు పావుగంటైనా సరే, ఇప్పుడే మొదలుపెట్టండి.

ముందు ఒక వారం ఏమీ రాయకుండా పిల్లల నిద్రవేళలు గమనించి రాసిపెట్టుకోండి. 1-2 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, 3-5 ఏళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు. అందులో మీ పావుగంట ఎక్కడుందో వారంలో తెలిసిపోతుంది. నెలల బిడ్డ నిద్రకు మాత్రం వేళాపాళా ఉండదు. ఆ రోజుల్లో బిడ్డతోపాటు మీరూ పడుకోండి, రాత సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆ రోజులు దాటాక, బిడ్డ కళ్లు మూసిన మొదటి 15 నిమిషాలూ రాతకే ఇవ్వండి. పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు కూడా గిన్నెలు తోముకోవచ్చు, బట్టలు మడతపెట్టుకోవచ్చు. వాక్యం అలా కుదరదు.

ఆ కాస్త సమయమూ ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడానికే సరిపోతుందన్నది అసలు చిక్కు. నాకు దారి దొరికింది అనుకోకుండానే. ఒకరోజు ‘ఆమె తలుపు తీసేసరికి’ అని రాశానో లేదో, పాప లేచి ఏడ్చింది. నోట్‌బుక్ అలాగే వదిలేసి పరుగెత్తాను. మర్నాడు తెరవగానే ఆ సగం వాక్యమే నన్ను లోపలికి లాక్కుపోయింది. అప్పటినుంచీ కావాలనే వాక్యం మధ్యలో ఆపుతున్నాను. మీరూ అలా ఆపి చూడండి.

మిగతా పని తలలో జరగనివ్వండి. జోకొడుతున్నప్పుడు కథ గురించి ఒక్క ప్రశ్న పట్టుకోండి: ఆ తండ్రి ఉత్తరం ఎందుకు చింపాడు? ఒక్కటే. రెండోది తీసుకుంటే రెండూ జారిపోతాయి. జవాబు తట్టగానే ఫోన్‌లో గుసగుసగా రికార్డ్ చేసుకోండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకోవద్దు, ఉండదు.

అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్ ప్రచురణ సంస్థలో ఉద్యోగం చేస్తూ, ఇద్దరు కొడుకుల్ని ఒంటరిగా పెంచుతూ, తెల్లవారకముందే లేచి రాసేవారు. తొలి నవల 1970లో వచ్చేనాటికి ఆమెకు 39 ఏళ్లు. అయితే రాత్రి మూడుసార్లు లేచిన తల్లి నాలుగింటికి అలారం పెట్టుకోనక్కర్లేదు. మారిసన్ దగ్గర నేర్చుకోవాల్సింది లేచిన వేళ కాదు, ఆ వేళను ఇంకో పనికి ఇవ్వకపోవడం.

ఇంట్లో మరో పెద్దమనిషి ఉంటే ‘కాస్త సాయం చెయ్యి’ అనకండి. ‘మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పిల్లలు నీ దగ్గర’ అని చెప్పండి. ఆ గంట దిద్దుకోవడానికి ఉంచుకోండి. కొత్తగా రాయడం ముక్కలుగా సాగుతుంది గానీ, మొత్తం చదివి కొట్టివేతలు చెయ్యాలంటే ఏకధాటి సమయం కావాలి. మూడేళ్లు దాటిన పిల్లలైతే మీ పక్కనే కాగితం, రంగులు ఇచ్చి కూర్చోబెట్టండి. పది నిమిషాలు నిలుస్తారు.

పిల్లలకు జ్వరం వస్తే ఆ వారం రాయకండి. చివరి పేజీ ఒక్కసారి చదివి, ఆ సగం వాక్యం అలాగే ఉండనిచ్చి, నోట్‌బుక్ చేతికందేచోట పెట్టుకోండి.